నువార్ లైటింగ్ కావాలంటే ముందు గోడల సంగతి చూడండి

మీ ప్రశ్న సారాంశం ఇది. పన్నెండు నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశారు. రాత్రిపూట అద్దె గదిలో ఒక ప్రైవేటు డిటెక్టివ్, అతన్ని వెతుక్కుంటూ వచ్చిన ఒక స్త్రీ. 1940ల నాటి అమెరికన్ క్రైమ్ సినిమాల రూపు, అంటే నువార్ రూపు, రావాలని రెండు ఎల్ఈడీ లైట్లకు సాఫ్ట్‌బాక్సులు (వెలుగును మెత్తబరిచే తెల్ల గుడ్డ పెట్టెలు) తగిలించి తీశారు. ఎడిటింగులో రంగు తీసేసి, బ్రైట్‌నెస్ తగ్గించారు. అయినా నలుపు రాలేదు, అంతా బూడిద పూసినట్టు ఉంది. అట్టముక్కలతో చేసిన కిటికీ పలకల నీడ గోడ మీద పడనే లేదు. లోపం కెమెరాదా, మీదా అని అడిగారు.

కెమెరాది కాదు. ఫోనుతో తీసినా, లక్షలు ఖరీదు చేసే కెమెరాతో తీసినా ఆ లైటింగుకు ఆ బూడిదే వస్తుంది. మీరు జత చేసిన రెండు స్టిల్సూ పెద్దవి చేసి చూశాను. రెండింటిలోనూ ఒక్కచోట కూడా తెలుపు లేదు. అతని కాలరు, టేబుల్ మీద కాగితం, ఆమె చెంప, అన్నీ ఒకే మధ్యరకం ఛాయలో ఉన్నాయి. పక్కన తెలుపు ఉంటేనే నలుపు కంటికి నలుపుగా ఆనుతుంది. అమావాస్య రాత్రి పొలం గట్టున ఒక లాంతరు కనిపించాకే చుట్టూ చీకటి ఎంత చిక్కగా ఉందో తెలుస్తుంది. మీరేమో లైటు తగ్గించి చీకటి తెద్దామనుకున్నారు. ఆ పాత కెమెరామన్లు సరిగ్గా దీనికి తలకిందులుగా పనిచేశారు. రెండువేల వాట్ల, ఐదువేల వాట్ల దీపాలు తెచ్చి, ఆ వెలుగును మనిషి ముఖంలో సగానికో, తలుపు సందుకో మాత్రమే తగిలేలా చేసి, మిగతాదంతా నల్లటి అడ్డాలతో ఆపేశారు. ఆ సెట్లలో వెలుగుకు లోటు లేదు, అది పడే చోటు మాత్రం చాలా తక్కువ.

అందువల్ల ఎడిటింగులో చీకటి చేయడం మానేయండి. తక్కువ వెలుగులో తీస్తే కెమెరా ఐఎస్ఓను, అంటే వెలుగుకు తను స్పందించే స్థాయిని, పెంచుకుంటుంది, నీడల్లో ఇసుక చల్లినట్టు మచ్చలు వస్తాయి, వాటిని ఎంత నొక్కినా నలుపు కావు. ఐఎస్ఓ తక్కువలో ఉంచి, ముఖం మీద వెలుగు పడిన భాగానికి ఎక్స్‌పోజర్ (కెమెరా ఎంత వెలుగు తీసుకోవాలన్నది) సరిచూసుకుని, దాన్ని అక్కడే లాక్ చేయండి. ఫోనయితే ఈ లాక్ మరీ ముఖ్యం. లేకపోతే మనిషి చీకట్లోకి నడిచిన ప్రతిసారీ ఫోను కంగారుపడి గదంతా వెలిగించేస్తుంది.

ఇప్పుడు అసలు ముద్దాయి దగ్గరికి వద్దాం. మీ గది గోడలకు క్రీము రంగు సున్నం, కింద తళతళలాడే తెల్ల టైల్స్, పైన తెల్లటి స్లాబు. మన అద్దె గదులన్నీ దాదాపు ఇంతే. పదడుగుల గదిలో ఎక్కడ లైటు వేసినా అది గోడకు తగిలి, నేలకు తగిలి, స్లాబుకు తగిలి, మీరు చీకటిగా ఉండాలనుకున్న చెంప మీదికే తిరిగి వస్తుంది. రెండో లైటు ఆర్పేసినా గోడలు ఆరవు. నేను ఈ పనిలోకి కొత్తగా వచ్చినప్పుడు మా యూనిట్‌లో ఒక పెద్ద లైట్‌మన్ ఉండేవారు. ఇరుకు గదిలో నైట్ సీన్ అనగానే ఆయన ముందు దీపాలు దించేవారు కాదు, నల్ల గుడ్డల మూట దించేవారు. ఫ్రేములో కనిపించని గోడలన్నిటికీ నల్ల గుడ్డ కట్టించి, నేల మీద కూడా పరిపించి, ఆ తర్వాతే "ఇప్పుడు ఒక్కటి వెలిగించు" అనేవారు. నాకది చాదస్తం అనిపించేది. ఒకరోజు ఆయన రాలేదు. నేను గుడ్డల జోలికి పోకుండా, మిగిలిన సమయంలో ఇంకో రెండు లైట్లు పెట్టించి తీశాను. రషెస్ (ఎడిటింగుకు ముందు చూసే ముడి షాట్లు) చూస్తే ఆ నైట్ సీన్ పెళ్లివారి విడిదిలా ఉంది. మర్నాడు ఆయన ఏమీ అనలేదు, మూట తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టారు.

మీరు స్టూడియో నుంచి ఏమీ తేనక్కరలేదు. గుడ్డల దుకాణంలో మెరుపు లేని నల్లటి కాటన్ గుడ్డ పది మీటర్లు కొనండి. సాటిన్ లాంటి మెరిసే గుడ్డ వద్దు. నటుడి ముఖంలో చీకటిగా ఉండాల్సిన వైపు, ఫ్రేముకు కాస్త అవతల, రెండడుగుల దూరంలో ఆ గుడ్డ వేలాడదీయండి. ఆ ఒక్క పనితో చెంప ఎంత లోతుగా దిగిపోతుందో మీరే చూస్తారు.

తర్వాతది కిటికీ చారలు. ఇందులో నేనూ ఒకసారి సగం రోజు పోగొట్టుకున్నాను కాబట్టి కొంచెం లెక్క చెబుతాను. నీడ అంచు ఎంత మసకబారుతుందనేది మూడు కొలతల మీద ఆధారపడి ఉంటుంది: దీపం వెడల్పు, దీపానికీ అడ్డానికీ మధ్య దూరం, అడ్డానికీ గోడకూ మధ్య దూరం. దీపం వెడల్పును మూడోదానితో గుణించి రెండోదానితో భాగిస్తే అంచు మసక వస్తుంది. మీ సాఫ్ట్‌బాక్సు 60 సెంటీమీటర్లు, అట్టల చట్రం దానికి 2 మీటర్ల దూరంలో, గోడ చట్రానికి మీటరున్నర దూరంలో అని రాశారు. లెక్క కడితే మసక 45 సెంటీమీటర్లు. మీ అట్టలేమో 5 సెంటీమీటర్లకొకటి ఉన్నాయి. గోడ మీదికి చేరేసరికి నీడ కొంచెం పెద్దదై చారకూ చారకూ మధ్య తొమ్మిది సెంటీమీటర్ల లోపే ఎడం ఉంటుంది. అంటే ఒక్కో చార చుట్టుపక్కల ఐదు చారల మీదికి పరుచుకుని కలిసిపోయింది. చారలు పడలేదని మీరన్నారు గానీ, అవి పడ్డాయి, ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

అదే దీపానికి సాఫ్ట్‌బాక్సు పీకేయండి. లోపలి పసుపు రంగు చిప్పు మూడు సెంటీమీటర్లు ఉంటుందనుకుందాం. అవే దూరాల్లో మసక రెండుంబావు సెంటీమీటర్లకు దిగుతుంది, చారలు చక్కగా విడివిడిగా పడతాయి. ఇంకా పదునుగా కావాలంటే దీపాన్ని వెనక్కి జరపండి, చట్రాన్ని గోడ వైపు జరపండి. వెనక్కి జరిపినకొద్దీ వెలుగు పడిపోతుంది. దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతే మిగులుతుంది. పెద్ద స్టూడియోలు అంతంత పెద్ద దీపాలు ఎందుకు వాడేవో ఇప్పుడు అర్థమవుతుంది. పదునైన నీడ కోసం దీపాన్ని దూరం పెట్టాలి, దూరం పెడితే బలం కావాలి. ముందు గాడుల గాజు లెన్సు ఉండే ఫ్రెనెల్ దీపాలతో పనిచేసేవాళ్లం నీడ మరీ పదునుగా కావాల్సినప్పుడు ఆ లెన్సు తీసి పక్కన పెట్టేస్తాం. ఆ లెన్సు వెలుగును ఒకచోటికి చేరుస్తుంది గానీ దీపాన్ని వెడల్పు కూడా చేస్తుంది.

ఈ రోజుల్లో లైటింగ్ పాఠాలన్నీ సాఫ్ట్ లైటు చుట్టూనే తిరుగుతాయి. ముఖానికి అందంగా ఉంటుంది, తప్పులు దాస్తుంది, నిజమే. నువార్‌కు మాత్రం అదే శత్రువు.

చారల మాట వచ్చింది కాబట్టి వాటికి పేరు తెచ్చిన సినిమాను ఒకసారి చూడండి. బిల్లీ వైల్డర్ తీసిన 'డబుల్ ఇండెమ్నిటీ' (1944), కెమెరా జాన్ ఎఫ్. సైట్జ్. కథలోని ఇన్సూరెన్స్ ఏజెంటు మొదటిసారి ఒక ధనవంతుల ఇంటికి వచ్చేది పట్టపగలు. బయట కాలిఫోర్నియా ఎండ మండిపోతుంటుంది. హాల్లోకి అడుగు పెట్టగానే కిటికీ పలకల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా లోపలికి పడుతుంటుంది, ఆ చారల్లో దుమ్ము తేలుతుంటుంది. దుమ్ము కెమెరాకు కనిపించడం కోసం సైట్జ్ మెరిసే లోహపు పొడిని గాలిలోకి ఊదించాడు. శుభ్రంగా ఉండాల్సిన ధనవంతుల ఇంట్లో ఏదో పాచిపోయిన వాసన ఉన్నట్టు, ఒక్క మాట లేకుండా, ఆ దుమ్ముతోనే తెలుస్తుంది. చారలు జైలు ఊచల్లా ఉన్నాయని రాయని వ్యాసం లేదు. నాకు మాత్రం ఊచల కంటే ఆ దుమ్మే గొప్ప ఆలోచన. ఇంకో సంగతి: అది పగటి సీను. నువార్ అంటే రాత్రి అనే లెక్క అక్కడే చెదిరిపోతుంది.

మీ సినిమాలో వెలుతురు చార గాల్లో కనిపించాలంటే లోహపు పొడి జోలికి పోవద్దు, ఊపిరితిత్తులకు మంచిది కాదు. నిప్పుల మీద చిటికెడు సాంబ్రాణి చాలు. పొగ గదంతా సమంగా పరుచుకునేదాకా రెండు మూడు నిమిషాలు ఆగి, గాలి కదలకుండా ఫ్యాను ఆపి తీయండి. టేకుకూ టేకుకూ మధ్య కిటికీలు తెరవండి. దీపం కెమెరాకు ఎదురుగా, అంటే పొగకు వెనక వైపు ఉండాలి. కెమెరా పక్కనుంచి లైటు వేస్తే పొగ కనపడదు, బొమ్మ మాత్రం పాలిపోతుంది.

ఇక ముఖం. స్టూడియో పద్ధతిలో ముఖానికి మూడు దీపాలు. కీ లైటు ప్రధానం. అది వేసిన నీడల్ని తేలికపరచేది ఫిల్ లైటు. వెనకనుంచి జుట్టునూ భుజాలనూ గోడ నుంచి విడదీసేది బ్యాక్ లైటు. మామూలు కామెడీలోనో సంగీత చిత్రంలోనో ముఖంలో వెలుగు వైపుకూ నీడ వైపుకూ తేడా రెండింతలకు అటూ ఇటూ ఉండేది. నువార్‌లో అది ఎనిమిదింతలకు, అంటే మూడు స్టాపులకు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) పోతుంది. కొన్ని షాట్లలో ఫిల్ అసలు వెలిగించనే లేదు. ఇక్కడ కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ఫిల్ ఆర్పేసి, దానితో పాటు బ్యాక్ లైటు కూడా ఆర్పేస్తారు. అప్పుడు నల్ల జుట్టు నల్ల గోడలో కలిసిపోయి, ముఖం గాల్లో తేలే మాస్కులా ఉంటుంది. ఆ పాత సినిమాల్లో అంత చీకట్లోనూ టోపీ అంచు మీద, భుజం మీద సన్నని వెలుగు గీత ఉండటం గమనించండి. ఆ గీత చెరిపేస్తే మనిషి మాయమైపోతాడు.

కంటిలో చుక్క కూడా చూసుకోవాలి. ముఖం ఎంత చీకట్లో ఉన్నా కంటిపాపలో ఒక మెరుపు ఉంటే మనిషి ఆలోచిస్తున్నట్టు ఉంటుంది, లేకపోతే శవంలా ఉంటుంది. దీనికోసం లెన్సుకు పక్కనే పెట్టే చిన్న దీపానికి 'ఓబీ' అని పేరు. 'ది లాడ్జర్' (1944) తీస్తున్నప్పుడు నటి మెర్ల్ ఓబెరాన్ ముఖం మీది మచ్చలు కనపడకుండా కెమెరామన్ లూసియన్ బల్లార్డ్ దాన్ని తయారుచేశాడు, ఆమె పేరే దానికి ముద్దుపేరుగా నిలిచింది. మీ దగ్గర ఓబీ లేకపోతే ఫోను టార్చికి నాలుగు మడతల తెల్ల కాగితం అడ్డం పెట్టి లెన్సు పక్కన పట్టుకోండి. ముఖానికి తెలియకూడదు, కంటికి మాత్రమే తెలియాలి.

స్త్రీ పాత్ర విషయంలో ఆ సినిమాలు ఒక చిన్న మోసం చేస్తాయి. ఒకే గది, ఒకే టేబుల్ ల్యాంపు అనుకుంటాం. కానీ క్లోజప్‌లో మగవాడి ముఖం సగం నలుపు, ఆమె ముఖం మాత్రం ముందునుంచి, కాస్త పైనుంచి పడే వెలుగులో నునుపుగా, జుట్టు చుట్టూ మెరుపుతో ఉంటుంది. ఆ వెలుగు ఆ గదిలో ఎక్కడిదని ఎవరూ అడగరు. స్టార్ ముఖం స్టూడియో ఆస్తి. దాన్ని చెడగొట్టే ధైర్యం చాలామందికి లేదు. అన్నట్టు, టేబుల్ ల్యాంపు కూడా మోసమే. ఫ్రేములో కనిపించే ల్యాంపు ఊరికే వెలుగుతుంటుంది. నటుడి మీద పడే వెలుగు ఫ్రేము బయట, అదే దిక్కునుంచి వచ్చే ఇంకో దీపానిది. కనిపించే ల్యాంపు అసలు దీపానికి సాక్షి మాత్రమే.

మన ఒంటి రంగు గురించి కూడా ఒక మాట. ఆ పాత సినిమాల్లో తెల్లటి చర్మం కాబట్టి తగిలిన వెలుగు ఎక్కువగా తిరిగొచ్చేది. చామనఛాయ ముఖం మీద అదే లైటు వేసి ఎక్స్‌పోజర్ పెంచితే గోడా చొక్కా కాలిపోతాయి. చామనఛాయను వెలిగించేది చర్మం మీది మెరుపు. నుదుటి మీద, చెక్కిలి ఎముక మీద తడి ఉన్నచోట దీపం ప్రతిబింబంలా మెరుస్తుంది. పౌడరు మాన్పించి, రెండు చుక్కల కొబ్బరినూనె పల్చగా రాయించండి. దీపాన్ని పక్కకు, కొంచెం వెనక్కి జరపండి. తక్కువ వెలుగుతోనే ముఖం శిల్పంలా లేస్తుంది.

మీరు అడిగిన రెండో ప్రశ్న, ఇదంతా జర్మన్లు తెచ్చిందేనా అని. సగం నిజం. నువార్ అంటే ఫ్రెంచిలో నలుపు. నోయిర్ అని రాసేవాళ్లూ ఉన్నారు, నేను పలికినట్టు రాస్తున్నాను. ఆ పేరు హాలీవుడ్ పెట్టుకున్నది కాదు. యుద్ధకాలంలో ఫ్రాన్సుకు అమెరికన్ సినిమాలు రాలేదు. 1946లో అన్నీ ఒక్కసారిగా పారిస్‌లో విడుదలయ్యేసరికి వాటిలో కొన్ని మరీ చీకటిగా ఉన్నాయని నీనో ఫ్రాంక్ అనే విమర్శకుడు ఆ మాట వాడాడు. తీసినవాళ్లు మాత్రం వాటిని క్రైమ్ కథలనీ మెలోడ్రామాలనీ అనుకుంటూ తీశారు. ఫ్రిట్జ్ లాంగ్, రాబర్ట్ సియోడ్‌మాక్, వైల్డర్ లాంటివాళ్లు హిట్లర్ భయంతో అమెరికా చేరిన మాట, బెర్లిన్ స్టూడియోల అలవాట్లు వెంట తెచ్చుకున్న మాట వాస్తవం. కానీ లైటు వేసేది దర్శకుడు కాదు. 'డబుల్ ఇండెమ్నిటీ'కి లైటు వేసిన సైట్జ్ షికాగోలో పుట్టినవాడు, మూకీల కాలం నుంచీ హాలీవుడ్‌లోనే ఉన్నవాడు. తొలి నువార్ అని చాలామంది లెక్కించే 'స్ట్రేంజర్ ఆన్ ది థర్డ్ ఫ్లోర్' (1940)కి కెమెరామన్ అయిన నికొలస్ ముసురాకా ఇటలీలో పుట్టి చిన్నప్పుడే అమెరికా వచ్చాడు. పైగా జర్మన్ ఎక్స్‌ప్రెషనిజానికి (వంకర సెట్లతో, గాఢమైన నీడలతో మనసులోని కలవరాన్ని చూపే ధోరణి) అందరూ చూపించే 'డాక్టర్ కాలిగరి' (1920)లో నీడలు చాలావరకు సెట్టు మీద రంగుతో వేసినవి, దీపంతో వేసినవి కావు. ఆ రెండింటి మధ్య పనితనంలో ఎంతో దూరం ఉంది.

పుస్తకాల్లో తక్కువగా కనిపించే కారణాలు నాకు ఎక్కువ నచ్చుతాయి. 1938లో కోడాక్ ప్లస్-ఎక్స్, సూపర్-ఎక్స్ఎక్స్ అనే వేగమైన ఫిల్ములు తెచ్చింది. అంతకుముందుకంటే తక్కువ వెలుగుతో, లెన్సు రంధ్రాన్ని ఎక్కువ మూసి తీయడం వీలైంది. 1942లో యుద్ధం వల్ల కలప, మేకులు, ఇనుము దొరకక, ఒక్కో సినిమాకు కొత్త సెట్ల సామగ్రి మీద 5,000 డాలర్లకు మించి ఖర్చు పెట్టకూడదని అమెరికా ప్రభుత్వం హద్దు పెట్టింది. పాత సెట్టునే మళ్లీ వాడాలి, ప్రేక్షకుడు గుర్తుపట్టకూడదు. అలాంటప్పుడు మూడొంతుల సెట్టును చీకట్లో వదిలేయడం కంటే చవకైన మార్గం ఏముంది? మీకూ నాకూ బాగా తెలిసిన తర్కమే ఇది.

ఆ తర్కాన్ని అందరికంటే దూరం తీసుకెళ్లినవాడు కెమెరామన్ జాన్ ఆల్టన్. హంగరీలో 1901లో పుట్టి, అర్జెంటీనాలో కొన్నేళ్లు పనిచేసి, 1940ల చివర ఆంథొనీ మాన్ అనే దర్శకుడితో 'టీ-మెన్' (1947), 'రా డీల్' (1948) లాంటి చిన్న బడ్జెట్ సినిమాలు తీశాడు. 1949లో 'పెయింటింగ్ విత్ లైట్' అని పుస్తకం రాశాడు. అందులో మిస్టరీ లైటింగ్ మీద ఒక అధ్యాయమే ఉంది. దొరికితే చదవండి. అతనికి ఆస్కార్ వచ్చింది మాత్రం నలుపు తెలుపు సినిమాకు కాదు, రంగుల్లో తీసిన ఒక సంగీత చిత్రానికి.

ఆల్టన్ ఎంత తక్కువతో సరిపెట్టేవాడో 'ది బిగ్ కాంబో' (1955) చివరి షాటులో చూడండి. రాత్రి, విమానాల షెడ్డు. విలన్‌ను అప్పటికే కారు స్పాట్‌లైటుతో కళ్లు చెదిరేలా కొట్టి పట్టుకున్నారు. షెడ్డు నోటి దగ్గర ఒక స్త్రీ, ఒక పోలీసు అధికారి. ఇద్దరికీ ముఖాలు లేవు, నల్లటి ఆకారాలే. వెనక పొగమంచు, ఆ పొగమంచుకు వెనక ఒక వెలుగు. అంతే. విమానాశ్రయం లేదు, విమానం లేదు, జనం లేరు. ఆ మంచు తెర తీసేస్తే వెనక ఏమీ ఉండదని ఈ పనిలో ఉన్న ఎవరికైనా చూడగానే తెలుస్తుంది. అయినా నాకు ఆ షాటు చూసిన ప్రతిసారీ అక్కడ చాలా పెద్ద ఖాళీ స్థలం ఉన్నట్టే అనిపిస్తుంది. చూసే లెక్క ఒకటే: వెలుగు వెనక, పొగ మధ్యలో, మనిషి ముందు, కెమెరా వైపు చీకటి. ఇంటి వరండాలో ఈ రాత్రే చేసి చూడొచ్చు.

వీధి సీను కూడా తీయాలని రాశారు కాబట్టి 'ది థర్డ్ మ్యాన్' (1949) గురించి చెప్పి తీరాలి. అది బ్రిటిష్ సినిమా, దర్శకుడు కారల్ రీడ్, కెమెరామన్ రాబర్ట్ క్రాస్కర్. బాంబులకు సగం కూలిన వియన్నా వీధుల్లో రాత్రులు తీశారు. రాళ్లు పరిచిన ఆ వీధుల్ని షాటుకు ముందు నీళ్లతో తడిపేవారు. పొడి రోడ్డు వెలుగును మింగేస్తుంది. తడి రోడ్డు అద్దంలా మారి, దూరంగా వెనకనుంచి వేసిన ఒక్క దీపాన్ని కెమెరా కాళ్ల దాకా పరుస్తుంది. మీరు చేసేటప్పుడు గుర్తుంచుకోండి: ఏప్రిల్, మే నెలల్లో మన సిమెంటు రోడ్డు మీద పోసిన నీళ్లు పావుగంటలో ఇగిరిపోతాయి. రెండు బిందెలు కాదు, ట్యాంకరు కావాలి, లేదా వాన వెలిసిన రాత్రి కోసం కాచుకుని కూర్చోవాలి. నేనైతే వాన కోసమే కాచుకుంటాను.

ఆ సినిమాలోనే పోలీసులు ఒక మూలన మాటు వేసి ఉంటే, ఎదుటి గోడ మీదికి భవనమంత నీడ ఒకటి నడిచి వస్తుంది. తీరా చూస్తే బుడగలు అమ్ముకునే ముసలాయన. అంత నీడ వేయడానికి పెద్ద దీపం అక్కరలేదు, చిన్న దీపం మనిషికి దగ్గరగా, కిందుగా ఉండాలి. దీపం మనిషికి ఒక మీటరు దూరంలో, గోడ దీపానికి ఆరు మీటర్ల దూరంలో ఉంటే నీడ ఆరింతలవుతుంది. ఐదున్నర అడుగుల మనిషి ముప్పైమూడు అడుగులవుతాడు. మనిషి దీపం వైపు ఒక్క అడుగు వేస్తే నీడ ఇంకా పెరుగుతుంది. కానీ ఇందాకటి మసక లెక్క ఇక్కడా వర్తిస్తుంది కాబట్టి దీపం బఠాణీ గింజంత ఉంటేనే అంచులు నిలుస్తాయి. క్రాస్కర్ కెమెరాను పక్కకు వంచి పెట్టిన షాట్లు కూడా ఆ సినిమాలో బోలెడు. వాటిని మాత్రం అనుకరించకండి. వంకర కెమెరా పచ్చిమిరపకాయ లాంటిది, ఒకటి చాలు.

మన దేశంలో ఈ పనితనం ఎక్కడ ఉందని అడిగేవాళ్లకు కెమెరామన్ వి.కె. మూర్తి పేరు చెబుతాను. గురుదత్ తొలి క్రైమ్ చిత్రం 'బాజీ' (1951)కి ఆయన సహాయకుడు. తర్వాత 'సి.ఐ.డి.' (1956) తీశారు. 'కాగజ్ కే ఫూల్' (1959)లో చీకటి స్టూడియోలోకి దిగే ఆ వెలుగు స్తంభం కోసం బయటి ఎండను పెద్ద అద్దాలతో లోపలికి మళ్లించారు. కథ నువార్ కాదు గానీ పద్ధతి అదే. తెలుగులో కెమెరామన్ మార్కస్ బార్ట్లే 'మాయాబజార్' (1957)లో వేసిన వెన్నెల ఇంకో దారి. అది చీకటిని మచ్చిక చేసుకునే లైటు, నువార్‌ది చీకటితో బేరమాడే లైటు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మీకు నేను రాసిన దానికంటే ఎక్కువ అర్థమవుతుంది.

చివరగా మీ గది సీను. మళ్లీ తీయండి, రెండు లైట్లలో ఒకటి ఇంట్లోనే వదిలేసి రండి. సాఫ్ట్‌బాక్సు లేకుండా ఉన్న ఆ ఒక్క దీపాన్ని కిటికీ బయట, వీలైనంత దూరంలో, మనిషి తల కంటే పైకి పెట్టండి. అట్టల చట్రం పారేయండి. లాస్ ఏంజెలెస్ ఇళ్లకు పలకల తెరలు ఉండేవి కాబట్టి వాళ్లకు చారలు పడ్డాయి. మీ స్టిల్లులో వెనక కిటికీకి ఇనుప ఊచలు, మధ్యలో పువ్వు డిజైను గ్రిల్లు కనిపిస్తున్నాయి. ఆ పువ్వు నీడ డిటెక్టివ్ చొక్కా మీద పడనివ్వండి. గోడలకు నల్ల గుడ్డ, ట్యూబులైటుకు సెలవు. బ్యాక్ లైటుకు వరండాలోని మామూలు బల్బు చాలు, తలుపు జానెడు తెరిచి ఉంచితే ఆమె లోపలికి వచ్చేటప్పుడు భుజానికి గీత అదే వస్తుంది. ఆమె తలుపు మూసినప్పుడు ఆ గీత ఆరిపోతుంది. దాన్ని ఆరిపోనివ్వండి, ఇంకో దీపంతో కాపాడే ప్రయత్నం చేయకండి. రెండో స్టిల్లులోని మెట్ల షాటు జోలికి వెళ్లకండి. అక్కడ కింది అంతస్తు వాళ్ల జీరో బల్బు వెలుగు రెయిలింగు సందుల్లోంచి గోడ మీద పడింది, మీకు తెలియకుండానే ఆ మూల సరిగ్గా వచ్చింది.